ఆటిజం చికిత్సల ఆధారాలను ఇంట్లోవాళ్లకి, టీచర్‌కి, డాక్టర్‌కి ఎలా చెప్పాలి

"మా బావగారు బాబుకి స్టెమ్ సెల్స్ చేయించడానికి స్థలం అమ్ముతానంటున్నారు. అది పనిచేయదని చదివాను. ఆయనకి ఎలా చెప్పను?" ఈ ప్రశ్న నాకు పదే పదే వస్తుంటుంది. ఒకరికి స్టెమ్ సెల్స్, ఇంకొకరికి ఆక్సిజన్ చాంబర్, మరొకరికి పాలు, గోధుమ మాన్పించే డైట్. చికిత్స పేరు మారుతుంది గానీ ఇబ్బంది ఒకటే: విషయం తెలుసు, ఎదుటివాళ్లకి ఎక్కేలా చెప్పడం రావడం లేదు.

కాగితం చూపిస్తే చాలు, వాళ్లే మారతారని అనుకోకండి. 1998లో సీక్రెటిన్ అనే హార్మోన్ ఇచ్చాక ముగ్గురు పిల్లలు మెరుగయ్యారని అమెరికాలో ఒక రిపోర్టు వచ్చింది. ఎక్కడెక్కడి తల్లిదండ్రులూ దాని కోసం పరుగులు పెట్టారు. మరుసటి ఏడాది 60 మంది పిల్లలతో పరీక్ష చేశారు. సగం మందికి సీక్రెటిన్, సగం మందికి ఉత్త సెలైన్. రెండు గుంపుల్లోనూ మెరుగుదల కనిపించింది, తేడా మాత్రం లేదు. ఈ ఫలితం చెప్పిన తర్వాత కూడా ఆ తల్లిదండ్రుల్లో 69 శాతం మంది తమకి సీక్రెటిన్ మీద ఇంకా ఆసక్తి ఉందన్నారు. వాళ్లేమీ తెలియనివాళ్లు కాదు. చేతిలో ఉన్న ఒక్క ఆశనీ లాక్కుని బదులు ఏమీ ఇవ్వకపోతే ఎవరైనా అలాగే అంటారు.

అందుకే "పనిచేయదు" అన్న మాటని ఒంటరిగా పంపకండి. బదులు ఏం చేయాలో, అది పనిచేస్తోందో లేదో వాళ్లే ఎలా చూసుకోవాలో కూడా దానితోపాటే చెప్పండి. కింద ఉన్న పద్ధతి అంతా దీనికోసమే.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- ఒక చికిత్స, ఒక పిల్లాడు, ఒక ప్రశ్న. "ఆటిజం చికిత్సలన్నీ" అని మొదలుపెడితే ఎక్కడా తేలదు.
- ఒక ఏ4 కాగితం. రెండో కాగితం ఎవరూ చదవరు.
- పిల్లాడు ఇంట్లో మామూలుగా ఆడుకుంటున్న రెండు నిమిషాల వీడియో, తేదీతో.
- నమ్మదగ్గ చోట్లు రెండు మూడు: కోక్రేన్ రివ్యూలు (ఒక చికిత్స మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి తూచేవి), బ్రిటన్‌లోని నైస్ అనే సంస్థ వైద్య మార్గదర్శకాలు, మన ఐసీఎంఆర్, నేషనల్ మెడికల్ కమిషన్ ప్రకటనలు. బడి కోసమైతే 2020లో అమెరికాలో వచ్చిన ఎన్‌సీఏఈపీ రిపోర్టు. ఆధారం ఉన్న 28 పద్ధతులు అందులో విడివిడిగా ఉంటాయి.
- పిల్లాడు పక్కన లేని సమయం. మాట రాని పిల్లలకి కూడా మన మాటలు అర్థమవుతుండొచ్చు. వాడి ఎదురుగా "వీడికి నయమవుతుందా" అని చర్చ పెట్టకండి.

1. వాళ్లకి ఏం కావాలో ముందు అడగండి

మీరు చెప్పడం తర్వాత. "ఇది చేయిస్తే మొదట ఏం మారాలని అనుకుంటున్నారు?" అని అడిగి, జవాబుని వాళ్ల మాటల్లోనే కాగితం పైన రాయండి. మాట రావాలి, రాత్రి పడుకోవాలి, తల గోడకేసి కొట్టుకోవడం ఆగాలి, బడిలో చేర్చుకోవాలి: ఎక్కువగా వచ్చేవి ఇవే.

ఇది మర్యాద కోసం అడిగే ప్రశ్న కాదు. ఒకే మందుకి ఒక ప్రశ్నకి అవుననీ, ఇంకో ప్రశ్నకి కాదనీ జవాబు ఉంటుంది. రిస్పెరిడోన్ అనే మందుకి 2006లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది ఆటిజం ఉన్న పిల్లల్లో తీవ్రమైన చిరాకు, దూకుడు, తమని తాము గాయపరచుకోవడం లాంటివాటికే. దానివల్ల మాట వస్తుందని ఎవరైనా ఎదురుచూస్తుంటే నిరాశే మిగులుతుంది, బరువు పెరగడం లాంటి ఇబ్బందులు దానికి తోడు.

2. ఆధారాన్ని నాలుగు ప్రశ్నలతో తూచండి

ఎంతమంది పిల్లలు? పోల్చడానికి ఆ చికిత్స ఇవ్వని గుంపు ఉందా? మెరుగుదలని కొలిచినవాళ్లకి ఏ పిల్లాడికి ఏది ఇచ్చారో తెలుసా? కొలిచింది మనకి కావాల్సిందేనా?

రెండో ప్రశ్న దగ్గర కాస్త ఆగండి, గందరగోళమంతా అక్కడే. పిల్లలు చికిత్స ఉన్నా లేకున్నా ఎదుగుతారు. పరిస్థితి బాగా చేయిదాటినప్పుడే మనం కొత్తదానికి డబ్బు కడతాం, ఆ తర్వాత ఎటూ కొంత సర్దుకుంటుంది. డబ్బు కట్టాక చిన్న మార్పు కూడా పెద్దగా కనిపిస్తుంది. సెలైన్ ఎక్కించిన పిల్లలు కూడా "మెరుగైంది" ఇందుకే. "మా వాడికి తగ్గింది" అన్న తల్లి అబద్ధం చెప్పడం లేదు. ఆమె చూసింది నిజమే, దానికి కారణం ఆ ఇంజెక్షనే అనడానికి మాత్రం ఆధారం లేదు. ఈ తేడా నిదానంగా చెప్పగలిగితే సగం పని అయినట్టే.

చిన్న పరిశోధన చూసి సంబరపడొద్దు. ముక్కులో కొట్టే ఆక్సిటోసిన్ స్ప్రే మీద మొదట్లో చాలా ఆశపడ్డారు. 2021లో 290 మంది పిల్లలతో పెద్ద ట్రయల్ ముగిసేసరికి ఉత్తుత్తి స్ప్రేకీ దానికీ తేడా లేదని తేలింది. బ్యూమెటనైడ్ అనే మందుదీ అదే దారి: చిన్న ట్రయల్స్‌లో బాగుందన్నారు, అదే 2021లో పెద్ద ట్రయల్స్ ఫలితం లేక ఆగిపోయాయి. 2025 సెప్టెంబర్‌లో అమెరికా ప్రభుత్వ ప్రకటన తర్వాత అందరూ ల్యూకోవొరిన్ అనే మందు గురించి అడుగుతున్నారు. ఈ నాలుగు ప్రశ్నలే దానికీ వేయండి. మొదటి ప్రశ్న దగ్గరే తెలుస్తుంది, దాని వెనకున్న ట్రయల్స్ చిన్నవని.

3. "తెలియదు", "పనిచేయదు", "ప్రమాదం" – వీటిని కలపకండి

ఈ మూడింటినీ ఒకే గొంతుతో చెప్తే వినేవాళ్లు మూడింటినీ కొట్టిపారేస్తారు.

గ్లూటెన్ (గోధుమలో ఉండేది), కేసిన్ (పాలలో ఉండేది) మాన్పించే డైట్ ఆటిజం లక్షణాలని తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. అసలే రెండు మూడు రకాలే తినే పిల్లాడికి పెరుగన్నం కూడా ఆపేస్తే పోషణ దెబ్బతింటుంది. అంతమాత్రాన అది విషం కాదు, అలా మాట్లాడకండి. సీక్రెటిన్ సంగతి వేరు. 2012 కోక్రేన్ రివ్యూ 16 ట్రయల్స్, 900 మందికి పైగా పిల్లలని చూసి ప్రయోజనం కనిపించలేదని చెప్పింది. అది "తెలియదు" కాదు, "చూశాం, లేదు". ఇక ఒంట్లోంచి లోహాలు తీస్తామనే కీలేషన్ నేరుగా ప్రమాదం. 2005లో పెన్సిల్వేనియాలో ఐదేళ్ల బాబు ఆ మందు ఎక్కిస్తుండగా చనిపోయాడు. సీక్రెటిన్, కీలేషన్, ఆక్సిజన్ చాంబర్ – ఈ మూడూ ఆటిజానికి ఏ పరిస్థితిలోనూ వాడొద్దని నైస్ 2013లోనే రాసింది.

4. ఒక్క పేజీ రాయండి

మొదట్లో చెప్పిన స్టెమ్ సెల్స్ ప్రశ్నకి రాసిన కాగితం ఇలా ఉంటుంది. పేర్లు మార్చుకుని వాడుకోండి.

> మన ప్రశ్న: బాబుకి మాట రావడానికి స్టెమ్ సెల్స్ చేయించాలా?
>
> జవాబు: వద్దు. మాట వస్తుందని నమ్మకంగా చెప్పే ఆధారం ఇప్పటిదాకా లేదు.
>
> ఎలా తెలుసు: అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 2 నుంచి 7 ఏళ్ల పిల్లలు 180 మందిని తీసుకున్నారు. కొందరికి స్టెమ్ సెల్స్ ఉండే బొడ్డుతాడు రక్తం, కొందరికి ఉత్త ద్రవం ఎక్కించారు. 2020లో ఫలితం వచ్చింది: నలుగురితో కలిసే తీరులో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు.
>
> మన దేశంలో: ఆటిజానికి స్టెమ్ సెల్స్ చికిత్సగా వాడకూడదని, వాడినా ప్రచారం చేసినా వృత్తిపరమైన తప్పుగా పరిగణిస్తామని నేషనల్ మెడికల్ కమిషన్ బోర్డు 2022 డిసెంబర్‌లో చెప్పింది.
>
> ఇంకా తేలనిది: పరిశోధనలు నడుస్తున్నాయి. కొత్తది తేలితే ఈ కాగితం మారుద్దాం.
>
> బదులు ఇప్పుడు చేసేది: రోజూ అరగంట, అమ్మ గానీ నాన్న గానీ బాబుతో నేల మీద కూర్చుని ఆట. ఎలాగో థెరపిస్ట్ నేర్పిస్తారు. పక్కన బొమ్మల కార్డులు.
>
> మళ్లీ చూసేది: ఎనిమిది వారాల తర్వాత, వీడియోతో.

"ఇంకా తేలనిది" అన్న వరసని తీసేయకండి. అది మీ మాటని బలహీనం చేయదు, ఇంకా నమ్మేలా చేస్తుంది.

ఒక హెచ్చరిక. ఇదే డ్యూక్ పరిశోధనలోంచి ఒక ముక్క ఎవరైనా చూపించొచ్చు: తెలివితేటల పరంగా వెనకబాటు లేని పిల్లల్లో సంభాషణ, శ్రద్ధ కొలతలు కొన్ని మెరుగ్గా కనిపించాయి. నిజమే. అయితే పరిశోధన మొదలుపెట్టినప్పుడు అడిగిన ప్రధాన ప్రశ్నకి జవాబు "తేడా లేదు" అనే వచ్చింది. తర్వాత చిన్న గుంపుల్లో వెతికితే దొరికింది ఇంకో ట్రయల్‌కి ప్రశ్న అవుతుంది గానీ, డబ్బు తీసుకుని చేసే చికిత్సకి ఆధారం కాదు. ఈ సంగతి మీకు ముందే తెలిసుండాలి, లేదంటే అక్కడ తడబడతారు.

"బదులు" అన్న వరసకి మన దగ్గరే మంచి ఆధారం ఉంది. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో కలిపి 65 మంది పిల్లలతో చేసిన పాస్ ట్రయల్ 2016లో వచ్చింది. స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి, వాళ్ల చేత తల్లిదండ్రులకి 12 సెషన్లలో పిల్లాడి ఆటని గమనించి స్పందించడం నేర్పించారు. తల్లిదండ్రుల స్పందన మెరుగైంది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ఇద్దరూ కలిసి ఒకేదాని మీద దృష్టి పెట్టే సమయం మాత్రం తగ్గింది. ఇది కూడా చెప్పండి. మనకి నచ్చిన పద్ధతిలోని లోపాన్ని దాచి, నచ్చనిదాంట్లో లోపాన్ని ఎత్తిచూపితే అది ఆధారం చెప్పడం కాదు.

5. ఇంట్లోవాళ్లకి చెప్పడం

నిర్ణయం ఎవరిదో ముందు తెలుసుకోండి. చాలా ఇళ్లలో అది నాయనమ్మదో, డబ్బు పెట్టే మేనమామదో. అమ్మకి ఒక్కదానికే చెప్పి పంపిస్తే ఆవిడ ఇంటికెళ్లి ఒంటరిగా వాదించాల్సి వస్తుంది.

"అత్తయ్యా, మీరు చెప్పిన ఆ ఆసుపత్రి గురించి కనుక్కున్నాను. వాడికి మాట రావాలన్నదే కదా మీ తపన, నాదీ అదే. 180 మంది పిల్లలతో పరీక్షించి చూశారట. చేసినవాళ్లకీ చేయనివాళ్లకీ తేడా రాలేదట. ఆ డబ్బు అలాగే ఉంచి, రెండు నెలలు ఈ పద్ధతి చూద్దాం. మీరు రోజూ వాడితో వంటింట్లో ఆడే ఆట ఉంది చూడండి, అదే ఇంకొంచెం పద్ధతిగా చేయాలట."

ఇందులో ఉన్న వరసని గమనించండి: ముందు ఆవిడ తపన, తర్వాత ఒకే ఒక్క అంకె, ఆ వెంటనే ఆవిడ చేయగలిగిన పని. పెద్దవాళ్లకి పని ఇస్తే వ్యతిరేకత తగ్గుతుంది.

టీకాల మాట వస్తే వాదన పొడిగించకండి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) భయం 12 మంది పిల్లల మీద రాసిన 1998 నాటి పేపర్‌తో పుట్టింది, దాన్ని అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలని గమనించిన 2019 అధ్యయనంలో టీకా వేసుకున్నవాళ్లలో ఆటిజం ఎక్కువ కాలేదు. రెండు వాక్యాలు చాలు.

ఇంకొకటి. హైదరాబాద్‌లోనూ, డల్లాస్‌లోనూ ఉన్న మన కుటుంబాలు రెండూ చెప్పే మాట: "ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమన్నారు." రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల భాష వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. తెలుగు ఆపేస్తే మాత్రం అమ్మమ్మ, తాతయ్యలతో వాడికి ఉన్న కాస్త మాటా పోతుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే సలహా. ఎక్కడ విన్నా ఊరుకోకండి.

"లేదు, చేయించి తీరుతాం" అంటే? తలుపు మూసేయకండి. మూడు అడగమనండి: ఇది ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే జాబితా) రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత? ఎథిక్స్ కమిటీ అనుమతి ఏది? ట్రయల్ అంటూ డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు? నిజమైన ట్రయల్‌లో పాల్గొన్నవాళ్ల దగ్గర చికిత్సకి డబ్బు తీసుకోకూడదు. జవాబులు రాతపూర్వకంగా ఇమ్మంటే చాలాచోట్ల మాట మారుతుంది.

6. టీచర్‌కి చెప్పడం

నలభై మంది పిల్లలున్న క్లాసు అది. టీచర్‌కి రివ్యూ పేపర్ ఇవ్వకండి, సోమవారం పొద్దున చేయగలిగే ఒక్క పని ఇవ్వండి. ఉదాహరణకి రోజు వరసని బొమ్మల్లో చూపించే చార్టు: ప్రార్థన, తెలుగు, లెక్కలు, అన్నం, ఆట, ఇల్లు. అయిపోయినదాన్ని పిల్లాడే తీసి డబ్బాలో వేస్తాడు. ఇలాంటి దృశ్య సహాయాలు పైన చెప్పిన ఎన్‌సీఏఈపీ రిపోర్టులోని 28 పద్ధతుల్లో ఉన్నాయి. చార్టు మీరే చేసి తీసుకెళ్లండి. ప్రభుత్వ బడి అయితే మండలంలోని భవిత కేంద్రంలో ఉండే రిసోర్స్ టీచర్‌ని కూడా ఈ మాటల్లో కలపండి.

"బొమ్మల కార్డులు ఇస్తే ఇక మాట్లాడడేమో" అని టీచర్లకి టెన్షన్. కార్డులు, ట్యాబ్ లాంటివి మాటకి అడ్డు రావని పరిశోధనలు చూపించాయి. కొందరిలో మాట కొంత పెరిగింది కూడా.

జాగ్రత్త పడాల్సింది వేరే చోట. పెద్దవాళ్లు పిల్లాడి చెయ్యి పట్టుకునో, అక్షరాల బోర్డుని తామే గాల్లో పట్టుకునో "వాడే రాస్తున్నాడు" అనే పద్ధతులు ఉన్నాయి. వీటిలో చెయ్యి పట్టుకునే పద్ధతిని 1990ల్లో సులువుగా పరీక్షించారు. పిల్లాడికి ఒక బొమ్మ, చెయ్యి పట్టుకున్న మనిషికి ఇంకో బొమ్మ చూపించి, ఏం చూశావని అడిగారు. మనిషి చూసిన బొమ్మ పేరే మళ్లీ మళ్లీ వచ్చింది. పిల్లాడి మాట అనుకున్నది పక్కవాళ్ల మాట. అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం ఆషా 2018లో ఈ పద్ధతులు వాడొద్దని స్పష్టంగా చెప్పింది. పిల్లాడు తన వేలితో, ఎవరూ తాకకుండా వాడే బోర్డు దీనికి పూర్తిగా వేరు. దాన్ని ఆపొద్దు.

7. డాక్టర్‌కి, థెరపిస్ట్‌కి చెప్పడం

ఓపీలో మీకు దొరికేది ఐదు పది నిమిషాలు. "మీరు రాసింది తప్పు సార్" అని మొదలుపెడితే అక్కడితో సరి. ఇలా అడగండి: "డాక్టర్ గారూ, ఇది ఏ లక్షణం తగ్గడానికి? ఎన్ని వారాల్లో తెలుస్తుంది? తగ్గకపోతే ఎప్పుడు ఆపుతాం?" ఈ మూడింటికీ జవాబిచ్చే డాక్టర్ దొరికితే వదులుకోకండి. మీ కాగితం ఫైల్లో పైన పెట్టి, "వీలైతే చూడండి, వచ్చేసారి మాట్లాడదాం" అని వచ్చేయండి.

థెరపీ సెంటర్‌లో "వారానికి ఇన్ని గంటలు తప్పనిసరి" అంటే, 2024లో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణని మర్యాదగా ప్రస్తావించండి. 144 అధ్యయనాలు, 9,038 మంది పిల్లలు. గంటలు పెరిగినకొద్దీ ఫలితం పెరుగుతుందన్న సంబంధం అందులో కనబడలేదు. దానర్థం థెరపీ వద్దని కాదు. అప్పు చేసి మరీ గంటలు కొనక్కర్లేదని. చెప్పేవాళ్ల ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ కూడా అడగొచ్చు, అడగడం తప్పు కాదు.

8. ఇంట్లో పరీక్ష పెట్టడం నేర్పండి

ఇది ప్రమాదం లేని పద్ధతులకే: ఆట, కార్డులు, నిద్ర వేళలు లాంటివి. కీలేషన్‌నో, ఇంజెక్షన్‌నో "చూద్దాం" అనడానికి ఇది దారి కాదు. డాక్టర్ రాసిన మందులు, ముఖ్యంగా ఫిట్స్ మందులు, పరీక్ష పేరుతో ఆపొద్దు.

ఒకసారికి ఒకటే మార్చండి. లెక్కపెట్టగలిగేది ఎంచుకోండి: "బాగున్నాడు" కాదు, "పది నిమిషాల్లో ఎన్నిసార్లు తనంతట తాను మనవైపు చూశాడు, అడిగాడు". మొదలుపెట్టే ముందే వారం రోజులు లెక్క రాయండి. ఎనిమిది వారాల తర్వాత పాత, కొత్త వీడియోలని తేదీలు కనబడకుండా కలిపి, ఇంటి విషయాలు తెలియని ఒకరికి చూపించి ఏది తర్వాతిదో చెప్పమనండి. వాళ్లు చెప్పలేకపోతే మార్పు ఉందని అప్పుడే నిర్ధారణకి రాకండి.

తరచుగా జరిగే పొరపాట్లు

- ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ ఖండించడం. పంపినవాళ్ల పరువు పోతుంది, ఆ తర్వాత మీరు ఏం చెప్పినా ఎక్కదు. విడిగా ఫోన్ చేయండి.
- ఇప్పటికే చేయించినవాళ్లకి "ఎంత పోగొట్టుకున్నారు" అనడం. అప్పటికి దొరికిన సమాచారంతో పిల్లాడి కోసమే చేశారు. "ఇక ముందు ఏం చేద్దాం" అనండి.
- శాతాలు కురిపించడం. "వందమందిలో ఇంతమంది" అంటే అందరికీ అందుతుంది.
- మంచి పద్ధతులని కూడా అతిగా పొగడటం. 2023లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన రివ్యూ 252 అధ్యయనాలని చూసింది. పకడ్బందీగా చేసినవాటిని మాత్రమే తీసుకుంటే లాభం తగ్గుతూ వచ్చింది. హాని జరిగిందా అని చూసినవే తక్కువ. "సాయపడుతుంది" అనండి, "నయమవుతుంది" అనకండి.

చేరిందో లేదో ఎలా చూసుకోవాలి

"అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపుతారు. బదులుగా, "ఇంటికెళ్లాక మీ ఆయనకి ఈ విషయం ఎలా చెప్తారు? నాకు చెప్పి చూపించండి" అనండి. ఆమె మాటల్లో మూడు వినిపించాలి: పోల్చిన గుంపు, తేలనిది, బదులు చేసేది. ఏది రాకపోతే ఆ వరస ఒక్కటే మళ్లీ చెప్పండి, అంతా మొదటినుంచి కాదు.

వారం తర్వాత ఫోన్ చేసి, "ఒప్పుకున్నారా" అని కాకుండా "ఏం నిర్ణయించారు, ఏం మొదలుపెట్టారు" అని అడగండి. ఒప్పుకుని ఏమీ మొదలుపెట్టకపోతే మీ కాగితంలో "బదులు" వరస అస్పష్టంగా ఉందన్నమాట. ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు అన్నది రాసివ్వండి. టీచర్ దగ్గరైతే పదిహేను రోజులకి చార్టు గోడ మీద ఉందా, బీరువాలో ఉందా చూస్తే చాలు.

ప్రతి కాగితం కింద తేదీ వేయండి. ఆరు నెలలకోసారి కొత్త ట్రయల్ ఏదైనా వచ్చిందేమో చూసి, మారిన వరసని దిద్ది, పాతది ఎవరెవరి దగ్గరుందో వాళ్లందరికీ కొత్తది పంపండి.